కరెంటు పోయిన రాత్రి సీప్యాప్ మిషన్ ఆగకూడదంటే



"సిస్టరమ్మా, నిన్న రాత్రి కరెంటు పోయింది. మిషన్ తీసి పక్కన పెట్టి పడుకున్నాను." నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్నవారి దగ్గర ఈ మాట తరచూ వింటున్నాం. ఇంకో మాట కూడా వింటున్నాం. "పిల్లలతో కలిసి అరకు వెళ్తున్నాం, గుడారంలో ఉంటాం, రెండు రాత్రులే కదా, మిషన్ ఇంట్లోనే వదిలి వెళ్తాం" అంటారు. రెండు సందర్భాల్లోనూ జరిగేది ఒకటే. ఆ రాత్రి వైద్యం ఉండదు.

బ్యాటరీతో సీప్యాప్ నడపడం పెద్ద విద్యేమీ కాదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. ఆ లెక్క ఏమిటో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఈ సంచికలో తెలుసుకుందాం.

సీప్యాప్ ఏం చేస్తుంది?

కొందరికి నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువసేపు శ్వాస ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, పెద్ద గురకతో మళ్లీ గాలి లోపలికి పోతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి గంటకు ముప్పైసార్లకు మించి ఇలా జరుగుతుంది. వారికి తెల్లవార్లూ పడుకున్నా నిద్ర చాలినట్లు ఉండదు. పొద్దున తలనొప్పి, పగలు కునికిపాట్లు ఉంటాయి. రక్తపోటు అదుపులోకి రాదు. గుండెకు, మెదడుకు కూడా ముప్పు పెరుగుతుంది.

సీప్యాప్ మిషన్ గాలిని కొంచెం ఒత్తిడితో మాస్కు ద్వారా పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ ఈ పద్ధతిని కనిపెట్టి, ఐదుగురు రోగులపై వచ్చిన ఫలితాన్ని 1981లో ప్రకటించారు. ఇది ఆక్సిజన్ మిషన్ కాదు. గదిలో ఉన్న గాలినే లోపలికి పంపుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

మిషన్ జబ్బును పూర్తిగా నయం చేయదు. కళ్లజోడు పెట్టుకున్నంతసేపే చూపు బాగున్నట్లు, మాస్కు పెట్టుకున్నంతసేపే గాలి దారి తెరిచి ఉంటుంది. మిషన్ ఆగితే కొద్ది రాత్రుల్లోనే పాత పరిస్థితి తిరిగి వస్తుంది. కొందరికి మొదటి రాత్రే వస్తుంది.

మన కొండల్లో ఇది ఎందుకు ముఖ్యం?

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మన కొండల్లోనే మొదలైంది. సీలేరు విద్యుత్తు కూడా ఇక్కడిదే. అయినా మన గూడేలకు వచ్చే లైన్లు అడవుల మీదుగా, లోయల మీదుగా వస్తాయి. ఒక చెట్టు విరిగి తీగపై పడితే ఆ చోటు వెతుక్కుంటూ లైన్‌మన్లు కాలినడకన వెళ్లాల్సి వస్తుంది. అందుకే పట్నంలో గంటలో వచ్చే కరెంటు ఇక్కడ తెల్లారేదాకా రాకపోవచ్చు.

2014 అక్టోబర్ 12 ఆదివారం నాటి హుద్‌హుద్ తుపాను మనందరికీ గుర్తే. విశాఖ తీరం దాటిన ఆ గాలికి నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు. అరకు, అనంతగిరి కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్ద ఎత్తున కూలిపోయాయి. అలాంటి తుపాను ఏటా రాదు. కానీ అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాని సంవత్సరం అరుదు. మిషన్ వాడేవారు ఆ వార్త విన్నాక బ్యాటరీ కోసం బజారుకు పరుగెత్తేకంటే, ముందే సిద్ధపడి ఉండడం మేలు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. రాత్రంతా సరిగా నిద్రలేని మనిషి ఉదయాన్నే కారో బండో తీసుకుని అనంతగిరి ఘాట్ దిగుతాడు. మలుపు మలుపుకూ లోయ ఉన్న దారి అది. అక్కడ ఒక్క కునుకు చాలు. కనుక మిషన్ ఆగిన రాత్రి నష్టం నిద్రపోయిన మనిషికి మాత్రమే పరిమితం కాదు, బండిలో ఉన్న వారందరికీ వర్తిస్తుంది.

మొదటి మెట్టు: మిషన్ ఎంత కరెంటు తింటుంది?

మిషన్ అడాప్టర్ మీద 65 వాట్లు లేదా 90 వాట్లు అని రాసి ఉంటుంది. అది గరిష్ఠ పరిమితి. రాత్రంతా అంత ఖర్చు కాదు. నీటి తొట్టి వేడిచేసే హ్యుమిడిఫయర్‌ను, వేడి ట్యూబును ఆపేస్తే చాలా మిషన్లు సుమారు 10 నుంచి 30 వాట్లలో నడుస్తాయి. అవి రెండూ పెట్టుకుంటే 50 నుంచి 90 వాట్ల దాకా పోతుంది. అంటే గాలికంటే నీళ్లు వేడిచేయడానికే ఎక్కువ కరెంటు పోతోందన్నమాట. ప్రెషర్ ఎక్కువ పెట్టినవారికి, మాస్కు పక్కనుంచి గాలి కారేవారికి ఖర్చు ఇంకొంచెం పెరుగుతుంది.

మీ మిషన్ సరైన అంకె తయారీదారు ఇచ్చిన బ్యాటరీ పట్టికలో ఉంటుంది. లేదా ప్లగ్గుకు తగిలించే వాట్ మీటరుతో ఎలక్ట్రీషియన్ కొలిచి చెప్పగలడు.

రెండో మెట్టు: రాత్రికి ఎంత కావాలి?

వాట్లను గంటలతో గుణించండి. వచ్చినదాన్ని వాట్-అవర్లు అంటారు. దానికి నాలుగో వంతు కలపండి. వైర్లలో, ఇన్వర్టర్‌లో వృథా అయ్యేది అంత ఉంటుంది.

హ్యుమిడిఫయర్ లేకుండా: 20 వాట్లు × 8 గంటలు = 160. నాలుగో వంతు 40 కలిపితే 200 వాట్-అవర్లు.

హ్యుమిడిఫయర్‌తో: 70 వాట్లు × 8 గంటలు = 560. నాలుగో వంతు 140 కలిపితే 700 వాట్-అవర్లు.

మూడో మెట్టు: ఎంత బ్యాటరీ కొనాలి?

బ్యాటరీ మీద వోల్టులు, ఏహెచ్ అని రెండు అంకెలు ఉంటాయి. రెండూ గుణిస్తే అందులో ఎంత నిల్వ ఉందో తెలుస్తుంది. కానీ మన ఇళ్లలో ఉండే యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. రోజూ అడుగంటా తోడేస్తే త్వరగా పాడవుతుంది. లిథియం బ్యాటరీలో 80 శాతం వరకు ధైర్యంగా వాడుకోవచ్చు.

హ్యుమిడిఫయర్ లేకుండా 200 వాట్-అవర్లు కావాలి కదా. యాసిడ్ బ్యాటరీలో దానికి రెట్టింపు, అంటే 400 నిల్వ ఉండాలి. 12 వోల్టులతో భాగిస్తే 33 వస్తుంది. 40 ఏహెచ్ బ్యాటరీ తీసుకుంటే ఒక రాత్రికి సరిపోతుంది. లిథియం అయితే 250 వాట్-అవర్లు చాలు. చేత్తో పట్టుకెళ్లే చిన్న పెట్టెలో అది వస్తుంది.

హ్యుమిడిఫయర్‌తో అయితే ఇదే లెక్కన 120 ఏహెచ్ యాసిడ్ బ్యాటరీ కావాలి. అంత బ్యాటరీని ఒక మనిషి ఒంటరిగా ఎత్తి కొండకు మోయలేడు. కనుక బ్యాటరీ మీద ఉన్నప్పుడు హ్యుమిడిఫయర్ ఆపడమే మొదటి సలహా.

రెండు రాత్రులు ఉండేవారు రెండో రాత్రి లెక్క కూడా చూసుకోవాలి. యాసిడ్ బ్యాటరీ తిరిగి నిండడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది. మధ్యాహ్నం గంటసేపు ప్లగ్గులో పెట్టి నిండిందనుకుంటే రాత్రి రెండింటికి మిషన్ ఆగిపోతుంది. 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండ ఉన్న రోజు హ్యుమిడిఫయర్ లేని ఒక రాత్రికి సరిపడా ఇస్తుంది. మంచు, మబ్బు పట్టిన రోజు దాన్ని నమ్ముకోవద్దు.

ఇంటి ఇన్వర్టర్ సరిపోతుందా?

సరిపోతుంది, మిగతావి ఆపితే. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. సగం అంటే 900. ఒక 70 వాట్ల ఫ్యాను, ఒక 10 వాట్ల లైటు రాత్రంతా వేస్తే వృథాతో కలిపి 800 వాటికే పోతుంది. సీప్యాప్‌కు కావలసిన 200 మిగలదు. చలికాలం అరకులో ఫ్యాను అక్కర్లేదు. వేసవిలో మాత్రం ఏది ముఖ్యమో ఇంట్లో అందరూ కలిసి ముందే అనుకోండి. టీవీ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇన్వర్టర్ సైన్ వేవ్ రకం అయ్యుండాలి. చవకగా దొరికే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌పై కొన్ని అడాప్టర్లు వేడెక్కుతాయి, పాడైపోతాయి. ఇక కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. అది ఒకటి రెండు గంటలకు మించి రాదు. దాన్ని రాత్రికి లెక్కపెట్టుకోవద్దు.

ఇన్వర్టర్ లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి నడిపే డీసీ కార్డు కొనుక్కుంటే వృథా ఇంకా తగ్గుతుంది. అయితే అన్ని మిషన్లకూ ఒకే వోల్టేజి ఉండదు. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10, 11 మిషన్లు 24 వోల్టులవి. వాటికి 12 వోల్టులను 24 చేసే కన్వర్టర్ కార్డు కావాలి. ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ 12 వోల్టులది. మీ మోడల్‌కు కంపెనీ చెప్పిన కార్డే కొనండి. వైర్లు కోసి సొంతంగా అతుకులు వేయకండి. ఎరుపు, నలుపు తారుమారైతే మిషన్ కాలిపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన మిషన్ వాడేవారు అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. ఉంటే మన కరెంటుకు పనికొస్తుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. 2021 ఏప్రిల్ 26కు ముందు తయారైన అనేక ఫిలిప్స్ మిషన్లను లోపల ఉన్న నురగ పదార్థం పొడి అయి శ్వాసలో కలిసే ప్రమాదం వల్ల ఆ సంస్థ 2021 జూన్‌లో వెనక్కి పిలిచింది. ఎవరో వాడి ఇచ్చిన పాత మిషన్ మీ దగ్గరుంటే ఓపీకి తెచ్చి చూపించండి.

గుడారంలో, పడకల వాహనంలో

డిసెంబర్, జనవరి నెలల్లో అరకు, వంజంగి, లంబసింగి చూడడానికి ఎన్నో కుటుంబాలు వస్తాయి. కొందరు గుడారాల్లో, కొందరు కారవాన్ అనే పడకల వాహనంలో రాత్రి గడుపుతారు. అమెరికాలో మనవాళ్లు దాన్నే ఆర్‌వీ అంటారు. అటువంటి వాహనంలో సాధారణంగా ఇంజనుకు ఒక బ్యాటరీ, లోపలి లైట్లకు, సాకెట్లకు వేరే బ్యాటరీ ఉంటాయి. మీ మిషన్ ఆ రెండో బ్యాటరీకే తగిలించాలి. అది ఎన్ని ఏహెచ్, ఇంకా దేనికి వాడుతున్నారు అని డ్రైవర్ బాబును బయలుదేరకముందే అడగండి. మామూలు కారు బ్యాటరీ ఇంజన్ స్టార్ట్ చేయడానికి చేసినది. రాత్రంతా దాని మీద మిషన్ నడిపితే పొద్దున్న బండి కదలదు.

మన కొండల ఎత్తు మిషన్‌కు ఇబ్బంది కాదు. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇప్పటి మిషన్లు చాలావరకు 2,400 మీటర్ల దాకా తమంతట తామే సర్దుకుంటాయి. ఇబ్బంది చలితోనే. వెచ్చని తడిగాలి చల్లటి ట్యూబులో నీటి చుక్కలై ముక్కు మీద పడుతుంది. ట్యూబును దుప్పటి లోపలనుంచి తెచ్చుకుంటే ఇది తగ్గుతుంది. హ్యుమిడిఫయర్ ఆపినందువల్ల ముక్కు ఎండితే పడుకునేముందు సెలైన్ చుక్కలు వేసుకోవచ్చు.

మిషన్‌ను నేల మీద పెట్టవద్దు. మంచు తడి, చీమలు, దుమ్ము పడతాయి. చిన్న స్టూలు మీద, తలకంటే కొంచెం కింద ఉండేలా పెట్టండి. ఘాట్ రోడ్డు ప్రయాణానికి ముందు నీటి తొట్టి ఖాళీ చేయండి. మలుపుల్లో ఆ నీళ్లు మోటారులోకి పోతాయి.

ప్రాణాపాయం ఉన్న చోట్లు

సీప్యాప్ గదిలోని గాలినే పంపుతుందని పైన చెప్పుకున్నాం. గాలి విషమైతే అదే విషాన్ని తెల్లవార్లూ పంపుతుంది. చలి అని గుడారంలోగానీ, తలుపులు మూసిన గదిలోగానీ బొగ్గుల కుంపటి పెట్టకండి. జనరేటర్‌ను గుడారం పక్కన, కిటికీ కింద నడపకండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి మూసిన వాహనంలో పడుకోకండి. వీటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

యాసిడ్ బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు మండే వాయువు వస్తుంది. గాలి ఆడే చోట, దీపానికి, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా ఉంచండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని వాడకండి.

నిద్రలో మిషన్ ఆగిపోతే మాస్కు వెంటనే తీసేయాలి. గాలి ప్రవాహం లేనప్పుడు మనం వదిలిన గాలే మాస్కులో మిగిలి మళ్లీ లోపలికి పోతుంది. పక్కన పడుకునేవారికి కూడా ఇది చెప్పి ఉంచండి.

బ్యాటరీ కూడా అయిపోతే?

వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. తల, భుజాలు ఎత్తుగా ఉండేలా దిండ్లు పెట్టుకోండి. ఆ రాత్రి నిద్రమాత్రలు, మత్తు కలిగించే దగ్గు మందులు వద్దు. సారా, జీలుగు కల్లు అసలే వద్దు, అవి గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. మర్నాడు మీరు బండి నడపకండి, ఇంకొకరికి ఇవ్వండి.

సాధారణ స్లీప్ ఆప్నియా ఉన్నవారికి ఒక్క రాత్రి ఇలా గడవవచ్చు. కానీ బైప్యాప్ వాడేవారు, గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, మిషన్‌తో పాటు ఆక్సిజన్ కూడా పెట్టుకునేవారు అలా అనుకోకూడదు. వారు ప్రయాణానికి ముందే డాక్టరుగారిని అడగాలి. ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మాట తడబడడం, లేపినా సరిగా లేవకపోవడం కనిపిస్తే 108కు ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగవద్దు.

ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ ఉన్న ఇళ్లకు ఒక మాట

పై లెక్క కాన్‌సెంట్రేటర్‌కు పనికిరాదు. ఐదు లీటర్ల కాన్‌సెంట్రేటర్ సుమారు 300 నుంచి 350 వాట్లు తీసుకుంటుంది. ఇంటి 150 ఏహెచ్ బ్యాటరీ దాన్ని రెండు మూడు గంటలే నడుపుతుంది. కనుక నిండు సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండాలి. 1,500 లీటర్లు పట్టే బి-టైప్ సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే సుమారు పన్నెండు గంటలు వస్తుంది. ఆ గదిలో పొయ్యి, బీడీ, కొవ్వొత్తి ఉండకూడదు.

బయలుదేరేముందు చూసుకోవలసినవి

1. ఇంట్లోనే ఒక రాత్రి మెయిన్ కరెంటు తీసి, బ్యాటరీ మీద పూర్తిగా నడిపి చూడండి. కాగితం మీద లెక్క సరిపోయినా ఈ పరీక్ష మానవద్దు. పాత బ్యాటరీ కొత్తదానిలో సగం కూడా ఇవ్వకపోవచ్చు.
2. పరీక్ష రాత్రి హ్యుమిడిఫయర్, వేడి ట్యూబు మిషన్ సెట్టింగులలో ఆపండి. ప్రెషర్ మాత్రం మీ అంతట మీరు మార్చకండి.
3. బ్యాటరీ, కార్డు, అడాప్టర్, మాస్కు, అదనపు ఫిల్టర్, టార్చిలైటు ఒకే సంచిలో పెట్టండి.
4. మీ ప్రెషర్ అంకె, మందుల పేర్లు, డాక్టరు చీటీ నకలు ఆ సంచిలోనే ఉంచండి.
5. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం నెలకోసారి చూడండి. తుపాను హెచ్చరిక వినగానే పూర్తిగా ఛార్జి చేయండి.
6. కరెంటు పోతే విద్యుత్ శాఖ 1912 నంబరుకు చెప్పి, ఇంట్లో శ్వాస మిషన్ మీద ఉన్న రోగి ఉన్నారని తెలపండి.

నిద్ర దేవుని దానమని మనం నమ్ముతాం. ఆ దానాన్ని మీ ఇంటిలోని పెద్దలు చీకటి రాత్రి కూడా పోగొట్టుకోకుండా చూడడం పిల్లల పని. ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు మీ మిషన్ అడాప్టరును, బ్యాటరీ మీద ఉన్న అంకెలను కాగితం మీద రాసి తీసుకురండి. మా సిస్టర్లు మీతో కూర్చుని మీ రాత్రి లెక్క వేసి ఇస్తారు.

ప్రభువు మీ ఇంటికి సమాధానమూ మంచి నిద్రా ఇచ్చునుగాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్